వంకీల వదిన

వంకీల వదిన లేని చుట్టరికం మనలో అరుదు. నడుము దాటిన జుట్టు, చెవుల దగ్గర మొదలై కొసల దాకా దిగే వంకీలు, వాటిని మందుపెట్టి సాపు చేయించాలా వద్దా అన్న సందేహం, ఈ మూడూ ఆవిడ స్థిరాస్తులు. ఎటూ తేల్చుకోలేక సతమతమవుతోందని అందరూ జాలిపడతారు. నా వాదన వేరు. ఆవిడకు కావలసింది నిర్ణయం కాదు, సంప్రదింపులు. ఎవరిని అడుగుతుందో చూడండి. పార్లర్ అమ్మాయిని అడుగుతుంది. చేయించుకోమనడమే ఆ అమ్మాయి జీవనోపాధి. అత్తగారిని అడుగుతుంది, కుంకుడురసం తప్ప మరొకటి తలకు తగలరాదన్నది ఆవిడ సిద్ధాంతం. చివరికి మొగుణ్ణి అడుగుతుంది. “నీ ఇష్టం” అంటే పట్టించుకోలేదని, “చేయించుకో” అంటే ఇన్నాళ్లూ బాగాలేనా అని, “వద్దు” అంటే డబ్బుకు వెనకాడాడని నిష్ఠూరం. జవాబు ముందే తెలిసినవాళ్లనే వెతికి వెతికి అడిగే మనిషికి జవాబుతో పనేముంది?

పోనీ, విషయం తెలియక అడుగుతోందా అంటే అదీ కాదు. వెంట్రుకలోని కెరాటిన్‌ను గంధకపు బంధాలు పట్టి ఉంచుతాయనీ, రీబాండింగ్‌లో అమ్మోనియం థయోగ్లైకోలేట్ లాంటి మందుతో వాటిని తెంచి, వేడి ఇస్త్రీతో సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్లీ ముడివేస్తారనీ కూర తరుగుతూనే చెప్పగలదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు తల తడపకూడదు, జడ వేయకూడదు, ముంగురులు చెవి వెనక్కి దోపకూడదు అని వేళ్లు మడిచి లెక్కపెడుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక నడుము దాకా రావడానికి ఐదారేళ్లు పడుతుందనీ, కొసలు కాలితే అన్నేళ్లూ వృథా అనీ ఆవిడకు తెలుసు. ఇంత తెలిసీ మర్నాడు మళ్లీ, “అయితే చేయించుకోమంటారా?”

ఆరోగ్యం మీద భయంతోనే ఆగిందని కొందరంటారు. భయానికి ఆధారాలున్న మాట నిజమే. కొన్ని స్మూతనింగ్ మందులు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. తరచుగా స్ట్రెయిటనింగ్ మందులు వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని 2022లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. అయినా నిజంగా భయమే అయితే “వద్దు” అన్న ఒక్క మాటతో కథ ముగిసేది. ఆవిడ మాత్రం, “ఫార్మాల్డిహైడ్ లేదని డబ్బా మీద రాసి ఉంటే?” అంటుంది. దానికి బదులు వాడే గ్లైయాక్సిలిక్ ఆమ్లంతో మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు 2024లో వైద్యులు రాశారు కదా అంటే, “మరి తక్కువ మోతాదులో?” అంటుంది. అలాంటి భయం చర్చను ఆపదు, పొడిగిస్తుంది.

నిజంగా చేయించుకున్న వదినలూ ఉన్నారు కదా అనవచ్చు. ఉన్నారు. తమ్ముడి పెళ్లి వీడియో వాళ్లచేత ఆ సాహసం చేయించింది. ఆరు నెలలు తిరిగేసరికి మాడు దగ్గర రెండంగుళాల పాత వంకీలు, కింద సాపు జుట్టు. టచప్ చేయించాలా, పెరగనివ్వాలా, కత్తిరించాలా? ఒక్క ప్రశ్న మూడైంది. వదినకు అంతకన్నా పండగేముంది? ఇదంతా పనిలేని తతంగమని విసుక్కునే బావగారు లింకు డాక్యుమెంట్లు చూడకుండా స్థలం కొన్న మనిషి. ఆయనతో పోలిస్తే మా వదినే విజ్ఞురాలు. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేని పనిని వాయిదా వేసినందువల్ల ఆవిడకు నష్టమేమీ లేదు. రూపాయి ఖర్చు కాలేదు, జుట్టూ చెక్కుచెదరలేదు. నష్టమల్లా వినేవాళ్ల చెవులకే. కాబట్టి ఈసారి అడిగితే తేల్చి చెప్పకండి, “ఆలోచించాల్సిన విషయమే వదినా” అనండి. తేల్చి చెప్పినవాళ్ల గడప ఆవిడ మళ్లీ తొక్కదు. ఆవిడ రాకపోతే ఊళ్లో కబుర్లు మనకు చెప్పేదెవరు?