సలహాల మీద ఆనకట్ట

టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలట.

మా ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఈ మాట రోజూ అంటారు, నేను రోజూ తలూపుతాను. 2025 ఆగస్టులో అన్నది మాత్రం సాక్షాత్తూ కేంద్ర పెట్రోలియం శాఖ. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మైలేజీ పడిపోతోంది మహాప్రభో అని జనం మొత్తుకుంటుంటే, మంగళవారం, అంటే ఆగస్టు 12న, ఓ పెద్ద ప్రకటన వదిలారు. మైలేజీ ఒక్క పెట్రోలు మీదే ఆధారపడదట. బండి నడిపే తీరు, ఆయిలు మార్పించడం, ఎయిర్ ఫిల్టరు శుభ్రం, టైర్లలో గాలి, అలైన్‌మెంటు, చివరికి మనం వేసుకునే ఏసీ కూడా లెక్కలోకి వస్తాయట. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చాల్సి రావచ్చట. దానికి పెద్ద ఖర్చేమీ ఉండదు, మామూలు సర్వీసింగులో అయిపోతుందట.

చదవగానే నాకు కోపం రాలేదు, బంధుప్రీతి కలిగింది. ఈ గొంతు నాకు తెలుసు. విజయవాడలో రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన ప్రతివాడికీ తెలుసు.

అంతకు ముందు నెల నా పన్నెండేళ్ల కారు బందరు రోడ్డు మీద పటమట దాటుతుండగా ఆగిపోయింది. దిగి బానెట్ ఎత్తాను. లోపల ఏది ఏమిటో నాకు తెలియదు, అయినా ఎత్తాను. అదొక మర్యాద. శవం లేచిన ఇంటి ముందు కాసేపు నిలబడతాం చూడండి, అలాంటిది. పదకొండో సెకనుకి తొలి చినుకు పడింది.

"బ్యాటరీ అండీ, చూడక్కర్లేదు!"

ఆ మనిషి నిజంగానే చూడలేదు. బైకు కూడా ఆపలేదు, పోతూ పోతూ అనేసి పోయాడు. రెండో ఆయన స్కూటరుకి స్టాండు వేసి మరీ వచ్చాడు. "కూలెంటు ఎప్పుడు పోయించారు?" అన్నాడు. హోమ్‌వర్క్ చేయని పిల్లాడిలా తలొంచుకున్నాను. ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "ఫ్యూయల్ పంపు పోయింటది గురూ, ట్యాంకు కింద చేత్తో రెండు కొట్టు" అన్నాడు. ఇన్‌షర్టు చేసుకున్న ఒకాయన ఇంజనుని కాసేపు జాలిగా చూసి, "అసలు పెట్రోలు బండి ఎందుకు కొన్నారు మాస్టారూ? డీజిల్ తీసుకోవాల్సింది" అన్నాడు. పన్నెండేళ్ల కిందట నేను చేసిన పనికి సలహా ఇప్పటికి చేరింది. ఎగువ నుంచి వచ్చే నీటికి ప్రయాణ కాలం ఉంటుంది మరి.

అక్కడే, ఆ ఎండలో, నాలోని డెల్టావాడు మేలుకున్నాడు. ఇంత ప్రవాహం! కొలిచేవాడు లేడు, నిలిపేవాడు లేడు. అంతా వృథాగా పోయి హంసలదీవి దగ్గర సముద్రం పాలవుతోంది. 1855లో ఆనకట్ట లేవకముందు కృష్ణ నీళ్లకి పట్టిన గతే ఇప్పుడు మన సలహాలకి పట్టింది. ఆ నీళ్లకి ఓ గట్టు కడితే ఇవాళ పదమూడు లక్షల ఎకరాలు పండుతున్నాయి. సలహాలకి కడితే?

అందుకని ప్రభుత్వానికి నా ప్రతిపాదన సమర్పిస్తున్నాను. బెంజి సర్కిల్ దగ్గర సలహాల బ్యారేజీ కట్టాలి. ప్రకాశం బ్యారేజీకి ఉన్నట్టే 70 గేట్లు ఉండాలి, ఒక్కో పార్టుకి ఒక్కో గేటు. ఒకటోది బ్యాటరీ, రెండోది ప్లగ్గులు, మూడోది క్లచ్, అలా పోతుంది వరస. డెబ్బయ్యోది "ఈ బండి అమ్మేయండి" గేటు. దానికి మోటారు అక్కర్లేదు, ఏడాది పొడుగునా ఎత్తే ఉంటుంది. డీజిలు సలహాలు ఏలూరు కాలవకి, పెట్రోలువి బందరు కాలవకి, గ్యాస్ కిట్టువి రైవస్ కాలవకి వదలాలి. కుడి గట్టున కొమ్మమూరు కాలవని ఎలక్ట్రిక్ కార్లకి కేటాయించాలి. వాటి గురించి ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి ప్రవాహం మరీ ఉధృతంగా ఉంటుంది.

పూడిక సమస్య తప్పదు. మన సలహాలో అసలు నీరు పావు వంతే, మిగతాదంతా "మా తోడల్లుడి బండికీ ఇలాగే అయింది" అనే ఒండ్రు. ఇంజనీర్లు కంగారు పడనక్కర్లేదు, డెల్టా ఏర్పడిందే ఒండ్రుతో.

ఎగువ రాష్ట్రంతో పేచీ వస్తుంది. సెలవుకి హైదరాబాదు నుంచి దిగిన బావమరుదులు, ఈ సలహాలు పుట్టిందే మా దగ్గర, వాటా తేల్చమంటారు. కృష్ణా నీళ్లు మనకి 512, తెలంగాణకి 299 టీఎంసీలన్న పాత లెక్క ఉండనే ఉంది. కాదంటే ట్రిబ్యునల్ వేస్తారు. తీర్పు వచ్చేలోగా పెట్రోలుతో నడిచే బండి భూమ్మీద మిగలదు, కాబట్టి బాధ లేదు.

వరద హెచ్చరికలూ కావాలి. నది 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. ఇక్కడ బానెట్ చుట్టూ తొమ్మిదిమంది దాటితే ఎగరేయాలి ఎర్రజెండా. కాలవ లష్కర్లు ఈల వేసి జనాన్ని వంతులవారీగా వదలాలి. ఈ సోమవారం స్కూటర్లవాళ్లు మాట్లాడతారు, మంగళవారం రిటైరైనవాళ్లు. సలహా తీరువా వసూలు చేస్తే ఖజానా ఏడాదిలో నిండుతుంది.

ఎంత కట్టినా చివరి భూములకి చేరదనుకోండి. బందరు రోడ్డు మీద కట్టలు తెగి పారుతున్న సలహా, నాగాయలంక దాకా వెళ్లేసరికి కాలవ అడుగున తడిగా కూడా ఉండదు. అక్కడ చేపల చెరువు గట్టు మీద రాత్రి పన్నెండింటికి బొలేరో ఆగిపోయినవాడికి చెప్పేవాడెవడు? కప్పలు.

ఇంతకీ ఈ సలహాలు ఎందుకిస్తారండీ? పొరపాటున కూడా తెలిసినవాడికి ఇవ్వరు. బావగారికి "క్లచ్ ప్లేట్లు మార్పించు బావా" అంటే, తొమ్మిది వేలు వదిలాక సంక్రాంతి విస్తళ్ల దగ్గర ఆ లెక్క తేలుతుంది. ముక్కూ మొహం తెలియనివాడైతే సిగ్నలు పడగానే ఎవరి దారి వాళ్లది. పూచీ లేదు, పాపం లేదు. ఇది నా సిద్ధాంతం. చాలా ఏళ్లు నమ్మాను కూడా.

దాన్ని చెడగొట్టినవాడు ఆ రోజు రోడ్డు పక్కన కొబ్బరి బొండాలమ్ముతున్న బొండాలాయన. గొడుగు కింద బొండాలు కొడుతూ మా సభనంతా వింటున్నాడు. జనం పలచబడ్డాక కత్తి పట్టుకుని లేచొచ్చాడు. ఒక్క మాట అనలేదు. నా చేత సెల్ఫ్ కొట్టించి చెవి ఒగ్గాడు. బ్యాటరీ మీది టెర్మినల్ అటూ ఇటూ కదిపాడు, ఊడి చేతికొచ్చింది. దాని లోపలి అంచున సున్నం పూసినట్టు తెల్లటి పొడి. కత్తి మొనతో గీకాడు, లుంగీ అంచుతో తుడిచాడు, నా కళ్ల ముందు పెట్టాడు.

"ఇదుగో బాబూ, ఇది పడితే కరెంటు ఎక్కదు. నేను లారీ క్లీనరుగా ఉన్నప్పుడు సూర్యాపేట దాటాక ఇలాగే ఆగింది. రాత్రి రెండు. తెల్లారిందాకా అక్కడే. ఇది చూడలేదని ఓనరు నన్ను లోడు దించేవాళ్ల ముందు కొట్టాడు."

బిగించాడు. బండి లేచింది. బొండానికిచ్చిన యాభై తీసుకున్నాడు. ఈ రిపేరుకీ ఇవ్వబోతే కత్తి చేతిలోకి తీసుకున్నాడు. (చూడకుండా "బ్యాటరీ" అనేసి పోయినవాడే గెలిచాడన్న దుగ్ధ నాకింకా పోలేదు.)

ఇప్పుడు ఢిల్లీ సలహాకి వద్దాం. బొండాలాయన సలహా వెనక ఓ చెంపదెబ్బ ఉంది. ఈ పెట్రోలియం శాఖ ఎక్కడ తింది దెబ్బ? ఏ కారు ఆగింది దానిది, ఏ సూర్యాపేట అవతల? 2030 నాటికి అనుకున్న ఇరవై శాతం ఇథనాల్‌ని అయిదేళ్లు ముందుకి జరిపారు. సంతోషం. విదేశీ చమురు బిల్లు తగ్గుతుంది, చెరకు రైతుకి, మొక్కజొన్న రైతుకి డబ్బొస్తుంది, నూకలు కూడా వాడుతున్నారు. మనవైపు చావు తప్పినవాడికి ఇంకా నూకలున్నాయంటాం. నా కారుకి ఇప్పుడు అక్షరాలా నూకలున్నాయి, ట్యాంకులోనే ఉన్నాయి. ఎన్నాళ్లకి సరిపడానో తెలియదు.

మైలేజీ కొన్ని కార్లకి ఒకటి రెండు శాతం, మిగతావాటికి మూడు నుంచి ఆరు శాతం తగ్గుతుందని వాళ్లే ఆ ఆగస్టు మొదట్లో లెక్క చెప్పారు. అప్పటికే లీటరు 109 రూపాయలు దాటిన ఊరు మాది. వందకి ఆరు పోతే లీటరుకి ఆరున్నర రూపాయలు. ఆ ఆరున్నరా నాది, రబ్బరు నాది, గ్యాస్కెట్ నాది. సలహా మాత్రం వాళ్లది. పోనీ రేటు తగ్గిస్తారా అంటే, ఇథనాలే లీటరు 71 రూపాయల 32 పైసలు పడుతోందని ఆగస్టు 12 ప్రకటనలోనే రాశారు. కలపని పెట్రోలు కావాలంటే మా వీధి బంకులో లేదు. ఇందులో ఎంత కలిసిందో పంపు మీద రాసి లేదు.

ఇక వెటకారం నా వల్ల కాదు.

అంతకు ముందు ఏడాది మా ఊరికి వచ్చిన వరద గుర్తొస్తోంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. వెలగలేరు దగ్గర బుడమేరు గేట్లెత్తారు, దాని మళ్లింపు కాలవకి గండ్లు పడ్డాయి, తెల్లారేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. మర్నాటికి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఎన్ని క్యూసెక్కులో చివరి వందతో సహా తెలిసింది అందరికీ. "బండి తీసి ఫ్లైఓవరు మీద పెట్టుకోండి, ముసలివాళ్లని మేడ ఎక్కించండి" అని చెప్పడానికి మాత్రం ఎవరూ మా వీధిలోకి రాలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ ఒక్క సలహా అడక్కుండా ఇచ్చి ఉండాల్సింది. అది ఇవ్వడానికే జీతాలు. పెట్రోలు సలహా ఢిల్లీది, వరద హెచ్చరిక అమరావతిది, రెంటికీ ముడిపెట్టకు అంటారా? పీకల్లోతు నీళ్లలో నిలబడ్డవాడికి గేటు ఏ శాఖదో ఎందుకండీ?

నీళ్లు తీశాక నేను సింగ్‌నగర్ వెళ్లాను. ఆటోనగర్లో పనిచేసే కుర్రాడొకడు, మోకాళ్ల దాకా బురద, ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. "సెల్ఫ్ కొట్టకండి సార్. ముందు ప్లగ్గులు తీయించి నీళ్లు కక్కించండి. నీళ్లు నొక్కుకోవు, రాడ్డు వంగిపోద్ది." మునిగిన బండిని స్టార్టు చేసి ఇంజను పోగొట్టుకుంటే చాలా పాలసీల్లో పైసా రాదు. ఆ కుర్రాడి మాట విన్నవాడికి మిగిలింది తక్కువేం కాదు. అతని సొంత బైకు మూడిళ్ల అవతల గోడకి ఆనుకుని ఉంది, సీటు మీద గుర్రపుడెక్క ఎండిపోయి. మునిగిన బైకుకి ఆ తర్వాత ప్రభుత్వం ప్రకటించింది 3 వేలు.

ఈ మనుషులున్న ఊరికి గాలి చూసుకోమని చెబుతారా? చూసుకున్నాం. ఫిల్టరు దులిపాం, ఏసీ ఆపి చెమటలు కక్కుతూ తిరుగుతున్నాం. మార్చుకోమన్న ఆ రబ్బరు ఏ బండిలో ఏ రబ్బరు, ఎంతవుతుంది, అది పోతే బిల్లు ఎవరు కడతారు, ఈ మూడు ముక్కలూ ఓ కాగితం మీద రాసి ప్రతి పంపుకీ అంటించండి. మా బొండాలాయన ఆ తెల్ల పొడిని వేలి మీద పెట్టి చూపించి చెప్పాడు.