మంచు తొక్కిన మహానుభావులు

శీతాకాలపు ట్రెయిల్ పరుగు అంటే, బుద్ధున్న జీవాలన్నీ బొరియల్లో ముడుచుకుని పడుకునే వేళ, కొందరు మనుషులు నుదుటికి లైటు కట్టుకుని కొండదారి పట్టే వ్యాపకం. 42.195 కిలోమీటర్ల మారథాన్‌తో తనివి తీరనివారు 50 కిలోమీటర్లు మొదలుకొని 100 మైళ్లు, ఆపైన కూడా సాగే అల్ట్రామారథాన్లకు ఇలా సిద్ధమవుతారు. దీనివల్ల కాళ్లు బలపడతాయన్నది అందరూ ఒప్పుకునే మాటే. పేచీ అంతా రెండో ఫలితం దగ్గరే: ఇలా పరుగెత్తినవాడు మనిషిగా కూడా ఎదుగుతాడట.

ఎదుగుదల సంగతి అటుంచితే, ఈ క్రీడకు ఊపు తెచ్చింది ఓ గుర్రం కాలినొప్పి. కాలిఫోర్నియాలో 100 మైళ్ల కొండదారిని ఒక్క రోజులో దాటే గుర్రపు స్వారీ పోటీ ఉంది. 1973లో గుర్రం కుంటడంతో మధ్యలోనే ఆగిపోయిన గోర్డీ ఏన్స్‌లీ, మరుసటి ఏడు గుర్రం జోలికే పోకుండా కాలినడకన బయల్దేరి 23 గంటల 42 నిమిషాల్లో గమ్యం చేరాడు. వెస్టర్న్ స్టేట్స్ 100 అనే పోటీకి అదే మూలం. ఇప్పుడు దానిలో చోటు కోసం వేలమంది లాటరీలో పేరు వేస్తారు. పోటీ జరిగేది జూన్ ఆఖరున, లోయల్లో ఎండ మాడ్చేసే రోజుల్లో. మరి జనవరి మంచులో ఈ సాధన దేనికంటే, మనసు గట్టిపడటానికట.

మనసు గట్టిపడాలంటే ముందు సామాను కావాలి. చెమటను బయటికి పంపే లోపొర, వెచ్చదనానికి నడిమి పొర, గాలీ వానా చొరని గోర్‌టెక్స్ పైపొర, బూట్ల కింద ఇనుప ముళ్లు, వీపున నీళ్ల సంచి. చలి బాగా ముదిరితే ఆ సంచి గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. అందుకని గుక్క తాగిన ప్రతిసారీ గొట్టంలోకి ఊది, మిగిలిన నీళ్లను వెనక్కి పంపాలి. తిండికని తెచ్చుకున్న జెల్ పొట్లం బిగుసుకుపోతే చేతి తొడుగులో దాచి మెత్తబరచుకోవాలి. ఫోన్‌ను మాత్రం గుండెకు హత్తుకుని మోయాలి. చలికి బ్యాటరీ చచ్చిపోతే ఫొటో ఉండదు. ఫొటో లేని ఎదుగుదల లెక్కలోకి రాదు. (1993లో కొలరాడోలోని లెడ్‌విల్ 100 మైళ్ల పోటీని గెలిచిన విక్టోరియానో చుర్రో మెక్సికోకు చెందిన రారామురి తెగవాడు. వయసు 55, కాళ్లకు టైరు ముక్కలు కోసి చేసుకున్న చెప్పులు.)

ఎదుగుదల సిద్ధాంతం ప్రకారం దారిలో జరిగేదంతా పాఠమే. జారిపడితే వినయం, దారి తప్పితే ఆత్మపరిశీలన, కాలిగోరు నల్లబడి ఊడితే త్యాగం. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేక చెట్లు మనుషుల్లా కనబడితే వైద్యులు భ్రాంతి అంటారు, సాధకులు దర్శనం అంటారు. పోటీ పూర్తిచేస్తే పట్టుదల పెరిగినట్టు. సగంలో చేతులెత్తేస్తే ఎక్కడ ఆగాలో తెలిసొచ్చినట్టు. ఎటు తిరిగినా తప్పు తేలని ఇలాంటి ఏర్పాటు జాతకాల్లో తప్ప మరెక్కడా దొరకదు.

ఒంటి వరకు లెక్క తేలికే. నెలల తరబడి నిదానంగా దూరాలు పరుగెత్తితే కండరాల్లో సన్నని రక్తనాళాలు, మైటోకాండ్రియాలు పెరుగుతాయి. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం తోడుతుంది. ఇవన్నీ కొలవొచ్చు. ఓర్పు, దయ పెరిగాయో లేదో చెప్పాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లు. ఆదివారం ఐదు గంటల పరుగు ముగించి వచ్చి సోఫాలో కూలబడ్డ మహానుభావుడి వంతు కూడా తామే పిల్లలకు అన్నం పెట్టి, బురద బట్టలు ఉతికినవాళ్లు ఎంత ఎదిగారో ఈ సిద్ధాంతం ఎక్కడా రాసుకోలేదు.

సిద్ధాంతం వాళ్లు తరచూ చూపే సాక్ష్యం జాస్మిన్ పారిస్. బ్రిటన్‌లో జనవరిలో పెనైన్ వే వెంబడి 268 మైళ్లు సాగే స్పైన్ రేస్‌ను ఆమె 2019లో 83 గంటల పైచిలుకులో ముగించి, ఆడామగా అందరికంటే ముందు నిలిచారు. చంటిబిడ్డ తల్లి, మజిలీల దగ్గర ఆగి చనుబాలు పిండుకుంటూ పరుగెత్తారు. ఆ దమ్ము పరుగువల్ల వచ్చిందా, దమ్మున్న మనిషే పరుగుకు వచ్చిందా? ఈ ప్రశ్న వేస్తే ఎదుగుదల పుస్తకాలు అమ్ముడుపోవు.

దమ్ము ఎక్కడినుంచి వచ్చినా, అది చాలని రోజులూ ఉంటాయి. 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతంలో 100 కిలోమీటర్ల కొండ పోటీని వడగళ్లు, ఎముకలు కొరికే వాన, ఈదురుగాలి చుట్టుముట్టాయి. చాలామంది ఒంటిమీద పల్చటి చొక్కా, పొట్టి నిక్కరే. 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆ దేశపు మేటి రన్నర్లూ ఉన్నారు. మనోబలానికి వాళ్ల దగ్గర లోటేమీ లేదు. అక్కడే గొర్రెలు మేపుకుంటున్న జు కెమింగ్ అనే కాపరి ఆరుగురిని తాను తలదాచుకున్న గుహలోకి చేర్చి, మంట వేసి బతికించాడు.

స్పైన్ రేస్‌లో స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, మ్యాపు, దిక్సూచి తప్పనిసరి సామాను. మనోబలం ఆ జాబితాలో లేదు.