ఇచ్చట ఐక్యత అమ్మబడును

అమెరికాలో సాకర్‌ను అమ్మేవాళ్లు యాభై ఏళ్లుగా ఒకే పాట పాడుతున్నారు. ఈ ఆట దేశాన్ని ఏకం చేస్తుందట. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, నిన్న మెక్సికో నుంచి వచ్చినవాడు, తాతల కాలం నుంచి మిన్నెసోటాలో ఉన్నవాడు, అందరూ ఒకే గ్యాలరీలో ఒకే రంగు కండువాలు వేసుకుని గొంతు కలుపుతారట. వినడానికి ఎంత ఇంపుగా ఉందో! ఆ గ్యాలరీకి టికెట్ ఎంత, ఆ కండువా ఎంత, ఇంట్లో కూర్చుని చూడాలంటే చందా ఎంత అని అడిగే మనిషి మాత్రం ఐక్యతకు ద్రోహి కింద లెక్క.

ఈ వ్యాపారానికి ఘనంగా బోణీ అయింది 1975 జూన్‌లో. న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఏకంగా పెలేని దింపింది. రాండల్స్ ద్వీపంలోని డౌనింగ్ స్టేడియంలో తొలి మ్యాచ్. అక్కడ గడ్డి కన్నా మట్టే ఎక్కువ. సీబీఎస్ టీవీ దేశమంతటికీ చూపిస్తోంది, ఆ మట్టి కనబడితే పరువు పోతుంది. ఏం చేయాలి? మట్టికి ఆకుపచ్చ రంగు కొట్టేశారు. ఆట అయ్యాక పెలే కాళ్లు చూసుకుంటే పచ్చగా ఉన్నాయి. ఈ దేశపు నేలలోంచి ఏదో ఫంగస్ అంటుకుందని, ఇంక ఇక్కడ ఆడనని ఆయన హడలిపోయాడట. కాస్మోస్ వాళ్లు తర్వాత ఆ సంగతి చెప్పుకుని పడీపడీ నవ్వారు. అమెరికన్ సాకర్ ప్రచార చరిత్ర రాయాలనుకునేవాళ్లు ఆ పాదాల దగ్గర మొదలుపెడితే సగం పని అయిపోతుంది.

రంగు కొన్నాళ్లు బాగానే నిలిచింది. 1977 ఆగస్టులో కాస్మోస్ ఆట చూడ్డానికి జెయింట్స్ స్టేడియానికి 77 వేల మందికి పైగా వచ్చారు. పక్కవాడికి పెలే ఉన్నాడు కాబట్టి మాకూ ఒక పెలే కావాలని ప్రతి యజమానీ చెక్కుబుక్కు తీశాడు. అప్పు చేసి పప్పు కూడు ఎన్నాళ్లు? కాస్మోస్ ఆడిన ఆ లీగ్ 1978లో 24 జట్లతో వెలిగి, 1984లో 9 జట్లతో ఆఖరి సీజన్ ఆడి మూతపడింది.

ఆటను జనానికి దగ్గర చేయడమంటే ఆటను కోసి కుట్టడమే అనే సిద్ధాంతం కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. అమెరికావాడికి డ్రా అంటే గిట్టదని ఎవరో కనిపెట్టారు. దాంతో గోలుకు 35 గజాల దూరంలో బంతి పెట్టి, ఐదు సెకన్లలో గోల్ కొట్టు లేదా ఇంటికి పో అన్నారు. గోల్‌కీపర్ ఎదురు పరిగెత్తుకుంటూ వస్తాడు, ఆటగాడు బంతితో ఆయాసపడుతూ వెళ్తాడు, తొంభై నిమిషాల ఆట ఆ ఐదు సెకన్లలో తేలిపోతుంది. 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడు ఈ సర్కస్‌ను అటక మీద నుంచి దింపి దుమ్ము దులిపారు. 1999 సీజన్‌తో మళ్లీ అటకెక్కించారు. ఆ తర్వాత డ్రాలు వచ్చాయి. దేశం ముక్కలు కాలేదు.

నిజం చెప్పాలంటే ఐక్యత విషయంలో ఈ లీగ్‌ను తప్పుపట్టలేం. అది సాధించింది. యజమానుల మధ్య. లీగ్ మొత్తం ఒకే సంస్థ. జట్ల యజమానులు అందులో వాటాదారులు. ఆటగాడు సంతకం పెట్టేది జట్టుతో కాదు, లీగ్‌తో. కాబట్టి ఒక ఆటగాడి కోసం రెండు జట్లు పోటీపడి జీతం పెంచేసే అనైక్యతకు మొదట్లో తావే లేదు. ఆటగాళ్లు 1997లో దీని మీద కోర్టుకెక్కి ఓడిపోయారు. మైదానంలో కొట్లాడుకునే పదిమంది కోటీశ్వరులు లెక్కల పుస్తకం దగ్గర అన్నదమ్ములు. ఇంతకన్నా సమైక్యత ఏ దేశంలో ఉంది?

ఈ ఉమ్మడి కుటుంబంలో చేరడానికి ప్రవేశ రుసుం ఉంది. 2007లో అడుగుపెట్టిన టొరంటో 10 మిలియన్ డాలర్లు కట్టింది. 2025లో 30వ జట్టుగా వచ్చిన శాన్ డియెగో కట్టింది 500 మిలియన్లు. ఒకసారి లోపలికి వస్తే ఎన్నేళ్లు ఆఖరి స్థానంలో ఉన్నా కింది డివిజన్‌కు దింపేవాడు లేడు. కింద ఎంత బాగా ఆడినా పైకి రానిచ్చేవాడూ లేడు. ఆట అందరిదీ అంటారు, గేటు మాత్రం వాళ్లది.

ఇంతకీ ఈ ఆట మనుషుల్ని కలపదా? ఎందుకు కలపదు! ఈ అమ్మకందార్లు పుట్టకముందే కలిపింది. యూఎస్ ఓపెన్ కప్ అని ఒకటుంది. 1914 నుంచి నడుస్తోంది. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆడే జట్టు కూడా అందులో పోటీపడి, గెలుచుకుంటూ పోతే మేజర్ లీగ్ జట్టును ఢీకొనవచ్చు. ఫిలడెల్ఫియాలోని ఉక్రెయిన్ వలసదారుల జట్టు 1960ల్లో ఆ కప్పును నాలుగుసార్లు ఎత్తుకెళ్లింది. లాస్ ఏంజెలెస్‌లో యూదుల మక్కాబీ క్లబ్బు అయిదుసార్లు, న్యూయార్క్‌లో సైప్రస్ గ్రీకుల క్లబ్బు మూడుసార్లు గెలిచాయి. 2022లో కూడా రెండో డివిజన్ జట్టు శాక్రమెంటో ఫైనల్ దాకా వెళ్లింది. ఒకడి భాష ఒకడికి రాదు, బంతి మాత్రం అందరికీ వచ్చు. ఐక్యత అంటే ఇదే కదా అని మీరూ నేనూ అనుకుంటాం. లీగ్ పెద్దలకు అలా అనిపించలేదు. 2023 డిసెంబరులో ఆ కప్పుకు మా అసలు జట్లను పంపం, కుర్రాళ్ల జట్లను పంపుతాం అన్నారు. అమెరికా సాకర్ సమాఖ్య కాదంది. చివరికి బేరం కుదిరి 2024లో ఎనిమిది మేజర్ లీగ్ జట్లు మొక్కుబడిగా వచ్చాయి. జనాన్ని ఏకం చేసేవాళ్లకు జనంతో ఆడే తీరిక లేకపోయింది.

తమాషా ఏమిటంటే, వలసదారుల క్లబ్బులను పక్కన పెట్టిన ఈ వ్యాపారమే 2005లో వలసదారుల కోసం ఒక జట్టును తయారుచేసింది. మెక్సికోలోని చివాస్ క్లబ్బు పేరు అరువు తెచ్చి, లాస్ ఏంజెలెస్‌లో చివాస్ యూఎస్ఏ అని బోర్డు కట్టారు. మెక్సికన్లు ఎగబడతారనుకున్నారు. 2014లో దుకాణం కట్టేశారు.

ఇక ప్రపంచ కప్ సంగతి. అమెరికా, మెక్సికో, కెనడా కలిసి 2026కు వేసిన బిడ్ పేరే యునైటెడ్. ఫుట్‌బాల్ ప్రపంచాన్ని ఏకం చేస్తుందని ఫిఫా నినాదం. 2025 సెప్టెంబరులో టికెట్ల అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఫైనల్ టికెట్ గరిష్ఠ ధర 6,730 డాలర్లు, అదీ గిరాకీని బట్టి మారే ధర. అర్హత సాధించిన ఇరాన్, హైతీ దేశాల మీద 2025 జూన్‌లోనే అమెరికా ప్రవేశ నిషేధం పడింది. ఆటగాళ్లకు, కోచ్‌లకు మినహాయింపు ఇచ్చారు, అభిమానులకు ఇవ్వలేదు. అంటే ప్రపంచం ఏకమవుతుంది, కొందరు ఇంటి దగ్గర ఉండి ఏకమవ్వాలి. డిసెంబరు 5న వాషింగ్టన్‌లో ఏ జట్టు ఎవరితో ఆడాలో డ్రా తీస్తూ ఫిఫా కొత్తగా ఒక శాంతి బహుమతి కనిపెట్టి, ఆ నిషేధం మీద సంతకం పెట్టిన ట్రంప్ చేతికే ఇచ్చింది. వ్యంగ్యం రాసేవాళ్ల పొట్ట కొట్టడం అంటే ఇదే.

మన తెలుగువాళ్లకూ ఇందులో వాటా ఉంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డాలస్ స్టేడియం ఉంది, ఆ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడుమంది. శనివారం పొద్దున్నే అమ్మానాన్నలు మడత కుర్చీలు వేసుకుని పిల్లల ఆట చూస్తారు. క్లబ్బు ఫీజు, యూనిఫాం, టోర్నమెంటు, హోటలు, పెట్రోలు అన్నీ తల్లిదండ్రుల జేబులోంచే. బ్రెజిల్‌లో పేదవాడి ఆట, ఇక్కడ ఈఎంఐ కట్టే ఆట. కూలి పనికెళ్లే గ్వాటెమాలా కుటుంబంలోని పిల్లాడు మనవాడి కన్నా బాగా ఆడినా ఆ మైదానంలో కనబడకపోవచ్చు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. ఇదే నమూనా మనమూ తెచ్చుకున్నాం. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లి పేరు మార్చుకుంది. ఒకప్పటి భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊరికి చెప్పుకోవడానికి ఒక కప్పు మిగిలింది, జట్టు మిగల్లేదు.

అందుకే అమెరికాలోని మనవాళ్లకు ఒక్క మాట. ఈసారి ఓపెన్ కప్ తొలి రౌండ్లు మీ ఊరి దగ్గర జరిగితే పిల్లల్ని తీసుకుని వెళ్లండి. అక్కడ ఐక్యత గురించి ఎవరూ ఉపన్యాసం దంచరు.