ఇరుసు పద్యానికి టీకా తాత్పర్యం

ఇసుక మీద బండి యిరుసులు బిగియించు
తారు రోడ్డు మీద దాని విడుము
మలుపులోన లాకు మఱువక విప్పుము
విడువకున్న టైరు వీపు చీరు

అవతారిక: పండక్కి ఉద్దానం వచ్చిన కుర్రాళ్లు ఫోర్ వీల్ జీపు వేసుకుని డొంకూరు తీరానికి పోవడం, మెత్తని ఇసుకలో దిగబడడం, ట్రాక్టరు కోసం ఊళ్లోకి మనిషిని పంపడం పరిపాటి. ఈమధ్య వాళ్లకు ఆటోక్రాస్ మీద మనసు పోయింది. ఖాళీ జాగాలో కోన్లు నిలబెట్టి, బండ్లను ఒక్కొక్కటిగా వదిలి, గడియారంతో పందెం కాయడమే ఆటోక్రాస్. అక్కడ పుట్టే మొదటి తగువు రెండు ఇరుసుల నడుమ బలం పంచే సెంటర్ డిఫరెన్షియల్ ఎంత బిగించాలన్నది. ఆ తగువు తీర్చడానికే ఈ ఆటవెలది. పద్యం రాసిందీ టీక రాసిందీ ఒక్కరే కాబట్టి కవి హృదయం వెతికే శ్రమ లేదు. కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడు అలాంటి ప్రతిజ్ఞ ఏదీ పట్టలేదు.

ప్రతిపదార్థం: ఇసుక మీద = ఉద్దానపు ఇసుక మీద; లక్షణ చేత తడిగడ్డి, ఎర్రమట్టి, కంకర వంటి, చక్రం కాస్త జారినా ఓర్చుకునే ఏ నేల మీదనైనా. బండి = నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. ముందు చక్రాలతోనే లాక్కునే కార్లకు ఈ పద్యంలో ప్రవేశం లేదు. యిరుసులు = ముందుదీ వెనకదీ. బహువచనం ఊరికే పడలేదు. ఒకే ఇరుసు మీది కుడిఎడమ చక్రాలను కలిపేది ట్రాక్టరు లాకు. దమ్ము మళ్లలోనూ, తుపానుకు పడిన కొబ్బరి దుంగలు లాగేటప్పుడూ డ్రైవరు మడమతో తొక్కేది అదే. ఇక్కడి ప్రస్తావన రెండు ఇరుసుల నడుమ ఉండే లాకు గురించి. బిగియించు = రెండూ ఒకే వేగంతో తిరిగేలా కలుపు.

పూర్వపక్షి లేచి అడుగుతాడు: డిఫరెన్షియల్ బలాన్ని రెండు వైపులకూ పంచుతూనే ఉంది కదా, మళ్లీ బిగించడం దేనికి? సమాధానం. లాకు లేని డిఫరెన్షియల్ ఎంత న్యాయంగా పంచుతుందంటే, బలహీనుడికి ఎంత దక్కితే బలవంతుడికీ అంతే ఇస్తుంది. ముందు చక్రం ఒకటి గుల్ల ఇసుకలో ఊరికే తిరుగుతుంటే దాన్ని తిప్పడానికి బలం పెద్దగా అక్కరలేదు. అంత కొంచెమే గట్టినేల మీదున్న వెనక చక్రాలకూ అందుతుంది. జోడెడ్లలో ఒకటి చతికిలబడితే రెండోది కాడి మోస్తూ నిలబడిపోయినట్టు, బండి ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది. బిగిస్తే వెనక ఇరుసు తన పట్టు కొద్దీ తోస్తుంది.

తారు రోడ్డు మీద = డొంకూరు నుంచి ఇచ్ఛాపురం పోయే దారి మీద, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, పట్టు గట్టిగా ఉన్న ఏ ఎండిన నేల మీదనైనా. దాని = లాకును. విడుము = విప్పు. కారణం ఏమంటే, మలుపులో నాలుగు చక్రాలూ నాలుగు వేరువేరు చాపాల మీద పోతాయి. ముందు చక్రాల జంట దూరం తిరుగుతుంది, వెనక జంట లోపలికి కోసుకుంటుంది. ఇసుకలో ఈ తేడాను జారుడు తీర్చేస్తుంది. ఎండిన తారు జారనివ్వదు. తీరని తేడా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి నిలుస్తుంది; స్టీరింగు బరువెక్కుతుంది, బండి కుదుపుతో గెంతుతుంది. (2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్రా, 2019 జనవరి 9న జగన్ పాదయాత్రా ఇచ్ఛాపురంలోనే ముగిశాయి. మనిషి కాళ్లకు పుట్టుకతోనే డిఫరెన్షియల్ ఉంది కాబట్టి వాటికి ఈ చిక్కు రాలేదు.)

శాఖాభేదాలు: థార్ జీపు శాఖలో మీట మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఎన్, ఫోర్ ఎల్ అని నాలుగే ముక్కలు. అందులో సెంటర్ డిఫరెన్షియల్ అసలే లేదు. ఫోర్ హెచ్ వేశామంటే రెండు ఇరుసులూ పూర్తిగా బిగిసినట్టే. కనుక తారు మీద కోన్ల పందానికి టూ హెచ్ (రెండు చక్రాలకే బలం) తప్ప గతి లేదు. 1980లో వచ్చిన ఆడీ క్వాట్రోకు సెంటర్ డిఫరెన్షియల్ ఉంది, దానికి లాకూ ఉంది. 2001 నాటి ఏడో లాన్సర్ ఎవల్యూషన్‌లో తారు, కంకర, మంచు అని మూడు ఎంపికలు. మూడోది మన జిల్లాకు వ్యర్థపదం. అమెరికా అల్లుళ్లు అభిమానించే సుబారు ఎస్‌టీఐలో లాకు బిగువు మార్చుకునే మీట ఉంటుంది. చివరి తరాల్లో లాకు లేనప్పుడు ముందుకు 41, వెనక్కి 59 పాళ్లు బలం పోతుంది. అక్కణ్ణుంచి పూర్తి బిగింపు దాకా మార్చుకోవచ్చు.

అల్లుడుగారికీ ఊరి బావమరిదికీ పొంతన కుదరకపోవడానికి కారణం నేలే. అమెరికాలో ఆటోక్రాస్ ఎక్కువగా తారు పరిచిన పార్కింగు జాగాల్లో జరుగుతుంది, బ్రిటన్‌లో పచ్చిక మీద, మన దేశంలో తరచుగా మట్టి మీద. ఏ నేలో చెప్పకుండా "సగం బిగించు బావా" అని ఫోన్లో ఇచ్చే సలహా చెల్లదు.

మూడో పాదంలో పునరుక్తి దోషం ఉందని కొందరు. లేదు. రెండో పాదం చోటు చెప్పింది, మూడోది సమయం చెప్పింది. మట్టి మీదనైనా పూర్తిగా బిగించిన బండి ఇరుకు మలుపులో ముక్కు తిప్పనంటుంది, కోను అవతలికి పోతుంది. మలుపులోకి దిగేటప్పుడు లాకు వదులుగా ఉండాలి, బయటపడేటప్పుడు బిగువుగా ఉండాలి. పరుగు మొత్తం నిమిషం అటూ ఇటూ అయిపోతుంది. ఆ నడుమ చేత్తో ఎవడు తిప్పగలడు? ఎస్‌టీఐలో హ్యాండ్‌బ్రేకు లాగితే లాకు దానంతటదే విడుతుంది. "మఱువక" అన్న మాట ఆ చేతి అలవాటు గురించే. కొత్తవాడైతే తారు మీద పూర్తిగా విప్పి గానీ, బిగింపును బండికే వదిలేసే ఆటో మీద ఉంచి గానీ మొదలుపెట్టాలి. మలుపు దాటి గ్యాసు తొక్కినప్పుడు చక్రం ఊరికే తిరుగుతోందనిపిస్తే ఒక్క గీత బిగించి, మరేదీ ముట్టుకోకుండా మళ్లీ పరిగెత్తి గడియారం చూడాలి. టైరు గాలీ, లాకూ ఒకేసారి మార్చినవాడికి ఏది పనిచేసిందో బ్రహ్మ కూడా చెప్పలేడు.

టైరు వీపు = నేలను తాకే పైపొర. చీరు = రాసుకుని ఊడును. టైరుకు వీపు అంటగట్టడం రూపకం. కొత్త టైరు ధర విన్న తండ్రిగారి వీపుకూ అన్వయించవచ్చు.

తాత్పర్యం: నేల జారనిస్తే బిగించు, జారనివ్వకపోతే విప్పు.

ఫలశ్రుతి: ఈ పద్యం కంఠస్థం చేసినవాడు పందెం గెలుస్తాడని హామీ లేదు, ట్రాక్టరు కూలి మాత్రం మిగులుతుంది. కోన్లు మాత్రం డొంకూరు తీరం మీద పెట్టకండి బాబూ. యజమాని సరేనన్న ఖాళీ జాగా ఏదైనా వెనక ఊళ్లల్లో చూసుకోండి. మన జిల్లా తీరపు ఇసుకలో చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.