రెండు పిల్లలకు రెండు గడపలు

నేను వీధి కుక్కను. చిత్తకార్తెలో జతకట్టి, 63 రోజులకు అటూ ఇటూగా కడుపున మోసి, ధనుర్మాసపు చలిలో ఈనే బతుకు నాది. కళ్లు మూసుకుని పుట్టిన పిల్లలు రెండో వారానికి కళ్లు తెరుస్తాయి. మూడో వారానికి వాటికి చప్పుళ్లు వినబడతాయి. భోగి మంటల నాటికి మెట్ల కింద నుంచి తూలుతూ బయటికొచ్చి ముగ్గుల మీద దొర్లుతాయి. మనుషుల కళ్లు వాటి మీద పడేది అప్పుడే. ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని నిద్రపోతున్న రెండు పిల్లల్ని చూసినవారికి ఒక్కదాన్నే ఎత్తుకెళ్లడానికి మనసొప్పదు. ఒకదానికొకటి తోడుంటాయి, రెండూ తెచ్చుకుందాం అంటారు. ఆ మాటలో ఉన్న జాలి నాకు తెలుసు, దానికి నేను రుణపడే ఉన్నాను. అయినా కన్నదానిగా ఒక్క విన్నపం చేస్తున్నాను: ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని ఒకే రోజు, ఒకే ఇంటికి తీసుకెళ్లకండి. భారతంలో సరమ అనే కుక్క తన బిడ్డకు జరిగిన అన్యాయాన్ని జనమేజయ మహారాజు ముందే నిలబడి అడిగింది. నాకు ఎవరి మీదా కోపం లేదు. చెప్పాల్సిన కారణాలు మాత్రం ఉన్నాయి.

కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా తనలోకి తీసుకునే కాలం చాలా చిన్నది. మూడో వారంలో మొదలై 12, 14 వారాలకల్లా దాదాపు ముగిసిపోతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి మా జాతిని గమనించి, తెలుసుకున్నదంతా 1965లో పుస్తకంగా తెచ్చారు. అక్కడి పనిలో భాగంగానే ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం 1961లో అచ్చయింది. ఎత్తైన కంచె కట్టిన మైదానంలో, మనిషి తాకకుండా పిల్లల్ని పెరగనిచ్చారు. కొన్నింటిని వేర్వేరు వయసుల్లో వారం పాటు బయటికి తెచ్చి మనుషుల దగ్గర ఉంచారు. కొన్నింటిని 14వ వారం దాకా తేలేదు. లేత వయసులో వచ్చినవి మనిషికి మచ్చికయ్యాయి. 14వ వారం దాకా ఆగినవి మాత్రం మనిషిని చూస్తే అడవి జంతువుల్లా బెదిరి పారిపోయాయి. ఈ ప్రయోగంలో నన్ను ఆలోచింపజేసే సంగతి ఒకటి ఉంది. ఆ బెదిరిన పిల్లలు ఒంటరివి కావు. వాటికి తోబుట్టువులున్నాయి, ఆట ఉంది, పడుకునేటప్పుడు పక్కన వెచ్చదనం ఉంది. అదంతా కలిసినా మనిషి సావాసం లేని లోటును తీర్చలేకపోయింది. మా ఇంట్లో పిల్లలకు మనిషి ముఖమే కనబడకుండా పోదు కదా అంటారు. నిజమే, బార్ హార్బర్‌లో జరిగింది ఈ వ్యవహారానికి చిట్టచివరి అంచు. కానీ ఆ వయసులో పిల్ల రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. మెలకువగా ఉండే ఆ కొద్ది గంటలూ తోబుట్టువుతోనే గడిచిపోతే మనిషికి దక్కేది ఎంత?

పైగా తోబుట్టువుతో మనిషి పోటీపడలేడు. దాని వాసన పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాని భాష నేర్చుకోనక్కర్లేదు. ఎంతసేపు కొరికినా, లాగినా విసుక్కోదు. ఆఫీసు నుంచి అలసి వచ్చి "ఇలా రా" అని పిలిచే మనిషి దాని ముందు ఏపాటి? అందుకే జంటగా పెరిగే పిల్లల్లో చాలావాటికి మనిషి గిన్నె నింపేవాడుగా, తలుపు తీసేవాడుగా మిగిలిపోతాడు. పేరు పెట్టి పిలిస్తే రెండూ వస్తాయి, లేదా రెండూ రావు. హాల్లో తడి కనిపిస్తుంది, ఎవరి పనో తేలదు. తేలకపోతే ఎవరిని ఎప్పుడు బయటికి తీసుకెళ్లాలో తెలియదు, ఒంటికి రెంటికి బయటికే వెళ్లాలన్న అలవాటు నెలల తరబడి కుదరదు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు పైకి కనబడనిది. ఏ ఈతలోనైనా ఒకటి ముందుకు ఉరుకుతుంది, ఒకటి వెనక నక్కుతుంది. రెండూ కలిసి పెరిగితే ఆ వెనకది ముందుదాని చాటున బతకడం నేర్చుకుంటుంది. ఆటో హారన్‌కూ, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కూ, వినాయక చవితి డప్పులకూ అది బెదరడం లేదని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. అది ధైర్యం కాదు, అరువు. ముందుది పక్కన లేని రోజున, భయం పోగొట్టే వయసు దాటిపోయాక, ఆ సంగతి బయటపడుతుంది. ఒక్కటిగా పెరిగిన పిరికి పిల్ల భయం మొదటి వారంలోనే మీ కంటపడుతుంది, దాన్ని మాన్పడానికి సమయమూ మిగిలే ఉంటుంది.

విడిగా ఉండాల్సిన రోజు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. ఒకదానికి పార్వో జబ్బు వస్తుంది, లేదా ఒకదానికే ఆపరేషన్ జరుగుతుంది. పశువుల డాక్టరు దగ్గర ఉన్నది వణుకుతుంది, ఇంట్లో ఉన్నది ముద్ద ముట్టకుండా ఊళ వేస్తుంది. ఒంటరితనం అంటే ఏమిటో రోజుకు కొంచెంగా అలవాటు కాని ప్రాణులకు అది ఒక్కసారిగా మీద పడుతుంది. జబ్బుల మాటకొస్తే, రెండింటిదీ ఒకటే పక్క, ఒకటే గిన్నె అయినప్పుడు పార్వో, డిస్టెంపర్ ఒకదానితో ఆగవు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల దాకా వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా ఉంది, నులిపురుగుల మందు ఉంది. ప్రతిదీ రెండింతలు. ఆడ, మగ పిల్లల్ని తెచ్చుకున్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. మాకు అన్న, చెల్లి అన్న వావి లేదు. ఆరు నెలలు దాటాక ఆడది ఎప్పుడైనా ఎదకు రావచ్చు. రెండూ ఆడవైతే ఆ బాధ లేదనుకుంటారు గానీ, ఒకే ఇంట్లోని కుక్కల పోట్లాటలను పరిశీలించినవారు తరచుగా చెప్పే మాట, ఒకే లింగానికి చెందినవాటి మధ్య, అందులోనూ ఆడవాటి మధ్య పగ గట్టిగా ఉంటుందని. అది చిన్నతనంలో కనిపించదు. ఏడాది దాటి, ఒళ్లూ బుద్ధీ ముదిరే వేళకు మొదలవుతుంది. వీధిలోనైతే అప్పటికి ఒకటి పక్క వాడకు వెళ్లిపోతుంది. ఎదిగిన పిల్లలు పుట్టిన గుంపును వదిలి చెదిరిపోవడం మాలో మామూలే. రెండు పడక గదుల ఫ్లాటులో చెదిరిపోవడానికి చోటెక్కడిది?

ఇక్కడ చదువుకున్నవారు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు, అది న్యాయమైనదే. కుక్కలకు శిక్షణ ఇచ్చేవారు ఈ చిక్కులకు లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు గానీ, పశువైద్యం దాన్ని ఒక వ్యాధిగా గుర్తించలేదు. ఒంటరిగా పెరిగినవాటినీ జంటగా పెరిగినవాటినీ పెద్ద సంఖ్యలో పక్కపక్కన పెట్టి తేల్చిన గట్టి పరిశోధన దీని వెనక లేదు. హాయిగా కలిసి ముసలివైన అక్కచెల్లెళ్లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి కూడా. ఇదంతా నేను ఒప్పుకుంటాను. కలిసి పుట్టడం జబ్బని నేను అనడం లేదు. రెండు పిల్లలకు పంచాల్సిన మనిషి సమయాన్ని ఒక్క పిల్లకు సరిపడేంతే ఇచ్చి, మిగతాది అవే చూసుకుంటాయిలే అనుకోవడం దగ్గరే చెడుతోంది. బాగా కుదిరిన జంటల ఇళ్లను గమనించండి. అక్కడ దాదాపు ఎప్పుడూ పగలంతా మనిషి ఉంటాడు, లేదా పిల్లలకు హద్దులు నేర్పే పెద్ద కుక్క ఉంటుంది, లేదా రెండింటికీ వేర్వేరు పనులుంటాయి. గొర్రెల మంద వెంట తిరిగే కుక్కలు కలిసి పెరిగినా చెడవు. మందలో పని ఉంది, కాపరి ఉన్నాడు, ముందు తరం కుక్కలున్నాయి. చూపులేనివారికి దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలు సాధారణంగా ఒక్కో పిల్లను ఒక్కో ఇంట్లో పెంచుతాయి. మనిషి మీదే దృష్టి నిలపాల్సిన కుక్కను తయారుచేసేవారి అనుభవం ఎటు మొగ్గుతోందో అందులో తెలుస్తుంది. పరిశోధన పూర్తి కానంత మాత్రాన జాగ్రత్త మానుకోవాలని లేదు. పొరపాటు జరిగితే అనుభవించేది పదమూడు పద్నాలుగేళ్లు బతికే ప్రాణి.

మరి తోబుట్టువులను విడదీయడం పాపం కాదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకంటే ఎక్కువ ఎవరికుంది? పాపమంతా తొందరపడి విడదీయడంలో ఉంది. నాలుగు వారాల పిల్లను, పాలు పూర్తిగా మానకముందే, పండగకు ముచ్చటపడి ఎత్తుకెళ్లడం పాపం. ఎంత గట్టిగా కొరికితే అవతలివాడికి నొప్పి పుడుతుందో పిల్లలు నేర్చుకునేది ఐదో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య, నా దగ్గర, ఒకదానితో ఒకటి కలబడుతూనే. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటాయి. తోబుట్టువు దగ్గర నేర్వాల్సినవన్నీ ఆ ఎనిమిది వారాల్లో నేర్చేసుకుంటుంది. ఆ తర్వాత నేర్వాల్సినది మనిషి దగ్గర ఉంది. ఒక్కటే వెళ్తే మొదటి రాత్రులు ఏడుస్తుంది, కాదనను. దాని పక్క మీ మంచం పక్కనే వేయండి. నేను పడుకున్న పాత గుడ్డ ముక్క ఒకటి తీసుకెళ్లి అందులో పెట్టండి. చేయి కిందికి చాస్తే తగిలేంత దగ్గరలో ఉంటే కొద్ది రోజుల్లోనే కుదుటపడుతుంది. ఆ ఏడుపు తీరడానికి అది మీ వైపు తిరగాల్సి రావడమే మీ ఇద్దరి బంధానికి మొదలు. తోబుట్టువు పక్కనుంటే ఆ అవసరమే పడదు. ఇంటికి రెండో కుక్క కావాలనుకుంటే మొదటిది ఏడాదిన్నర దాటి, మీ మాట వినడం నేర్చాక తెచ్చుకోండి. అప్పటికి మొదటిదే దానికి సగం గురువు అవుతుంది.

నాకు నిజంగా గుండె తరుక్కుపోయే అభ్యంతరం మరొకటి ఉంది. రెండోదాన్ని వదిలేస్తే రోడ్డు మీద చచ్చిపోతుంది కదా, లోపాలతోనైనా ఇంట్లో బతకడం మేలు కదా అంటారు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం పశ్చిమ బెంగాల్ వీధుల్లో 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్ని గమనించి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఏడు నెలల వయసు దాకా బతికినవి 19 శాతమే. పోయినవాటిలో సగానికి మించి మనుషుల వల్లే పోయాయి, బండ్ల కింద పడి, దెబ్బలు తిని, విషం తిని. ఈ లెక్క తెలిసిన ఏ తల్లీ రెండోదాన్ని వీధిలో వదిలేయమనదు. నేనూ అనను. రెండింటినీ వీధి నుంచి తీసేయండి, రెండు ఇళ్లకు చేర్చండి. ఇది కష్టమైన పనేమీ కాదు. ఒకే అపార్టుమెంటులో రెండో అంతస్తుకు ఒకటి, నాలుగో అంతస్తుకు ఒకటి వెళ్తే సాయంత్రం కింద కలిసి ఆడుకుంటాయి, రాత్రికి దేని మనిషి దగ్గరికి అది వెళ్తుంది. తోడు దక్కుతుంది, విడిగా ఎదగడమూ దక్కుతుంది. ఇంకో ఇల్లు దొరికేదాకా కొన్నాళ్లు రెండూ మీ దగ్గరే ఉండటంలో తప్పు లేదు, ప్రాణం ముందు. ఎంత వెతికినా రెండో ఇల్లు దొరక్కపోతే వీధి కంటే మీ ఇల్లే నయం. అప్పుడు మాత్రం ఒక జంటను కాకుండా రెండు కుక్కలను పెంచుతున్నామని మొదటి రోజు నుంచే అనుకోండి.

అలా అనుకోవడం రోజువారీ పని. పక్కలు వేరు, గిన్నెలు వేరు, పట్టెడలు వేరు, పడుకునే గదులు కూడా వీలైతే వేరు. రోజుకు ఒక్కసారైనా ఒక్కోదాన్ని ఒంటరిగా బయటికి తిప్పాలి. అప్పుడు రెండోది ఇంట్లో ఏదైనా నములుతూ నెమ్మదిగా ఉండటం నేర్చుకోవాలి, మొదట నిమిషాల లెక్కన, తర్వాత గంట దాకా. కూర్చోమంటే కూర్చోవడం, పిలిస్తే రావడం దేనికి దానికి విడిగా నేర్పి, ఆ తర్వాతే కలిపి చేయించాలి. ఇంట్లో నలుగురుంటే ఒక్కో పిల్లకు ఒక్కో మనిషిని శాశ్వతంగా అంటగట్టకుండా మార్చుతూ ఉండాలి. ముందుదాని నీడన నక్కేదానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, అది ఊరికే ఉంటోంది కదా అని వదిలేయకూడదు. పిల్లలు పుట్టకుండా ఎప్పుడు ఆపరేషన్ చేయించాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. ఆడుకోవడానికి మాత్రం రోజూ కలవనివ్వండి, ఆ ఆట వాటి హక్కు. ఇదంతా చేయగల ఓపిక, తీరిక మీ ఇంట్లో ఉంటే రెండింటినీ నిశ్చింతగా తీసుకెళ్లండి, నాకు అభ్యంతరం లేదు. లేవనుకుంటే, ఈ ఏడు సంక్రాంతికి చూసి ముచ్చటపడిన పిల్లల కోసం శివరాత్రి దగ్గర పడ్డాక రండి. ఒకదాన్ని మీరు ఎత్తుకోండి. రెండోదాని కోసం పక్కింటివారి తలుపు మీరే తట్టండి.