డ్యూటీ చార్టులో ప్రేమకథ

యాభై దాటిన మగవాణ్ణి. పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఇంట్లో బీపీ మాత్రలు, బ్యాంకులో ఇంటి అప్పు. ఇలాంటివాడు చైనా దేవుడొకడు భూతాల రాజుతో ప్రేమలో పడే నవల చదువుతూ కంపెనీ బస్సులో కళ్లు తుడుచుకుంటే లోకం ఏమంటుందో నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. పక్క సీటాయన అడిగితే "సాల్వెంట్ వాసన పడ్తలేదన్నా" అన్నాను. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆ అబద్ధాన్ని అనుమానించేవాడు ఎవడూ ఉండడు.

రోగం కొత్తది కాదు. చిన్నప్పుడు సంగారెడ్డిలో అద్దెకు తెచ్చుకున్న పాత చందమామల్లో నేను ముందు తిప్పేది ధారావాహిక ఉన్న పేజీలే. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి ఆ మాయలోకాలు రాస్తూపోయారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు, ఎవరు రాస్తున్నారో పాఠకులకు చాలాకాలం తెలియనే తెలియదు. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు కలిసి అడవులు పట్టి తిరుగుతుంటే, మూడోవాడుగా వాళ్ల వెంట నేనూ తిరిగాను. వాళ్లు ఇల్లు చేరడం నాకు ఇష్టం ఉండేది కాదు. ఎందుకో అప్పుడు నన్ను నేను అడగలేదు.

ఆ తర్వాత ఆంధ్రభూమి వీక్లీ, యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. దానికి మా నాయన అడ్డుపడ్డాడు. ఆయనకు సాహిత్యం మీద కోపం లేదు. ఉమ్మడి మెదక్ జిల్లాలో చేతబడి, బాణామతి అన్న మాటలు నవల అట్ట మీద ఆగేవి కావు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టేసి పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్న జిల్లా ఇది. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరట! రంగనాయకమ్మ గారు ఆ నవలను 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకితే మా నాయన ఆమె పక్షం. నేను పగలు ఆమె పక్షం, రాత్రి యండమూరి పక్షం. దుప్పటి ముసుగులో టార్చిలైటు వేసుకుని చదివి, లేచి ఒంటికి పోవడానికి భయపడి తెల్లారేదాకా బిగబట్టుకున్న రోజులు చెప్పుకుంటే సిగ్గు.

ఉద్యోగం వచ్చాక ఇరవై ఏళ్లకు పైగా ఎస్‌ఓపీలు తప్ప ఏమీ చదవలేదు. 2020లో లాక్‌డౌన్ పడింది. మందుల కంపెనీలు ఆగలేదు గనక నేను డ్యూటీకి పోతూనే ఉన్నాను. హాస్టల్ మూసేశారని మా బిడ్డ మాత్రం రెండు అట్టపెట్టెల పుస్తకాలతో ఇంటికి చేరింది. పై పెట్టెలో పైనున్నది స్టెఫనీ మేయర్ 'ట్విలైట్'. అందులో రక్తపిశాచి 1918 నుంచి పదిహేడేళ్ల వాడిగానే ఉంటాడు, అసలు నిద్రే పోడు, అయినా రోజూ హైస్కూలుకు పోతాడు. నిద్రపోని మనిషి నైట్ షిఫ్టుకు రాకుండా బడిలో కూర్చోవడమేమిటని నాకు ఒళ్లు మండింది. మండుతూనే నాలుగు భాగాలూ పూర్తిచేశాను.

దాని కింద ఉన్నది టి.జె. క్లూన్ 'ది హౌస్ ఇన్ ది సెరూలియన్ సీ'. అదే సంవత్సరం వచ్చిన నవల. నన్ను ముంచింది అదే. అందులో నాయకుడు లైనస్ బేకర్‌కు నలభై ఏళ్లు, కొంచెం పొట్ట, ఒంటరి కొంప, ఒక పిల్లి. మాయాశక్తులున్న అనాథ పిల్లల హాస్టళ్లను తనిఖీ చేసే గవర్నమెంటు ఉద్యోగి. ఎక్కడికి పోయినా రూల్ పుస్తకం వెంట తీసుకెళ్తాడు. ఇలాంటి వాడికి నవల్లో చోటెవరిచ్చారు? పొట్ట ఉన్నవాడికి, ఫైలు మోసేవాడికి ప్రేమకథ రాయవచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అతను ప్రేమించింది ఆ హాస్టల్ నడిపే మగవాణ్ణని సగం దాటాక గానీ నాకు వెలగలేదు. వెలిగాక పుస్తకం మూశాను. టీ తాగాను. మళ్లీ తెరిచాను.

అక్కడి నుంచి వరస. తోడేలు మనుషులు, మంత్రగాళ్లు, గ్రీకు యోధులు. చివరకు మో షియాంగ్ టోంగ్ షియు అనే చైనా రచయిత్రి 'హెవెన్ అఫీషియల్స్ బ్లెస్సింగ్'. ఇంగ్లిష్‌లో ఎనిమిది సంపుటాలు, మొదటిది 2021 చివర్లో వచ్చింది. అట్ట మీద పొడుగు జుట్టు, జారే పట్టుబట్టలు, చేతిలో గొడుగు. చూడగానే చందమామలో చిత్ర గారి బొమ్మల మీద పడ్డ ప్రాణమే దీని మీదా పడింది. స్వర్గం నుంచి గెంటివేయబడ్డ దేవుడు పాత సామాన్లు ఏరుకుని బతుకుతుంటాడు. వాడి కోసం ఎనిమిది వందల ఏళ్లు ఎదురుచూసిన భూతం ఒకటి ఎర్రబట్టలు కట్టుకుని వస్తుంది.

ఇక నా వేషాలు వినండి. బస్సులో ఫోను స్క్రీను వెలుతురు తగ్గించి, అక్షరాలు చీమల్లా పెట్టుకుని చదివేవాణ్ణి. ఇంట్లో బాత్రూంలో. నా భార్య లోన్ యాప్ అనుకుంది మొదట. తర్వాత రమ్మీ అనుకుంది. ఒక రాత్రి ఫోను గుంజుకుని, ఇద్దరు మగవాళ్లు మంచుకొండ మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ బొమ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. నేను చెమటలు కక్కుతూ కథంతా చెప్పాను. విని, "సరే గానీ, వీళ్లకు జీతాలెవలిస్తరు? అందరూ తిరుగుడే గద" అంది. డబ్బు కట్టి ఒక రోజు జైల్లో ఉండి వచ్చిన మనుషులున్న ఊరు కదా మాది! 1796 నాటి సంగారెడ్డి జైలును మ్యూజియం చేసి, ఐదువందలు తీసుకుని ఖైదీ బట్టలిచ్చి పడుకోబెట్టారు. దానికి లేని తప్పు నవల చదివితే ఏంటి అని వాదించాను. "చదువు, బాత్రూంలకెల్లి బయటికొచ్చి చదువు" అంది. అంత సులువుగా అయిపోయే దాన్ని ఏడాది పొడుగునా దాచానన్నమాట.

అసలు తెలివితక్కువతనం చదవడంలో లేదు. చదివింది తీసుకొచ్చి పటాన్‌చెరుకు అతికించబోయాను.

చలికాలం ఒక తెల్లవారుజామున కాలనీ మీద తెల్లటి పొర దిగింది. చైనా నవల్లోని భూతాలరాజు రావడానికి తగ్గ వేళ అనిపించింది నాకు. నేను మేడెక్కి చేతులు చాచి గుండెలనిండా పీల్చాను. టాల్యూన్‌కు, మిథనాల్‌కు తేడా కళ్లు మూసుకుని చెప్పగల ముక్కు నాది. నక్కవాగు ఏ రంగులో పారిందో చూసినవాణ్ణి. ఇక్కడి ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టు దాకా కేసు పోయిందనీ, డాక్టర్ కిషన్‌రావు గారు దశాబ్దాలు దీని మీద కొట్లాడారనీ తెలిసినవాణ్ణి. అయినా ఆ పొద్దు నా ముక్కు పనిచేయలేదు. కింద వీధంతా దబదబా కిటికీలు మూస్తున్న చప్పుడు విని కూడా ఎర్రబట్టల భూతం కోసం చూశాను. దగ్గు వారం రోజులు తగ్గలేదు.

రెండోది ఇంకా ఘోరం. మా ప్లాంటులో ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఒడిశా నుంచి వచ్చినవాడు, సెంట్రిఫ్యూజ్ మీద. ఒకడు సదాశివపేట వాడు, డ్రయర్ మీద. ఇస్నాపూర్‌లో ఒకే రూంలో ఉంటారు. ఒకరినొకరు చూస్తే చాలు నిప్పులు. హిందీలో తిట్టుకుంటారు, మళ్లీ ఒకే బండి మీద వస్తారు. నేను చదివే పుస్తకాల్లో దీనికి ఒక లెక్క ఉంది: మొదట బద్ధశత్రువులు, మూడు వందల పేజీల తర్వాత ప్రాణాలు. ఆ లెక్క ప్రకారం వీళ్లు నూరో పేజీలో ఉన్నారని తేల్చాను. డ్యూటీ చార్టు నా చేతిలోనే ఉండె. ఇద్దరినీ నెలంతా సీ షిఫ్టులో కలిపి వేశాను. ఒకడు దించిన తడి కేకును ఇంకొకడు డ్రయర్‌లో వెయ్యాలి. రాత్రి, ఏకాంతం, చెయ్యి మారే సరుకు. ఏ రచయిత ఇంతకన్నా మంచి ఏర్పాటు చేయగలడు?

సదాశివపేట పిల్లగాడు రెండుసార్లు వచ్చి "సార్, నన్ను వేరే షిఫ్టుల వెయ్యండి" అన్నాడు. సిగ్గుపడుతున్నాడు పాపం అనుకున్నాను!

పదిరోజులు తిరక్కముందే కేకు తూకం దగ్గర మాటా మాటా పెరిగి స్టీలు స్కూపు గాల్లో లేచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది నా అదృష్టం. బ్యాచ్ మాత్రం ఆగిపోయింది. పిలిచి అడిగితే బయటపడింది: రూం అడ్వాన్సు, గ్యాస్ సిలిండరు, ఇంటికి పంపుతానని తీసుకుని తిరిగివ్వని నాలుగు వేలు. బండి ఒక్కటే ఉంది గనక కలిసి వచ్చేవాళ్లు. అంతే. డీవియేషన్ రిపోర్టు నేనే రాయాలి. అందులో 'రూట్ కాజ్' అని ఒక గడి ఉంటుంది. పెన్ను పట్టుకుని ఆ గడిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇన్‌చార్జి నవలలు చదువుతాడు అని రాయాల్సింది. 'కమ్యూనికేషన్ గ్యాప్' అని రాసి సంతకం పెట్టాను.

ఇంత ఉత్సాహం ఉన్నవాణ్ణి నోరు విప్పాల్సిన చోట ఏం చేశానో కూడా చెప్పేస్తాను. 2021 డిసెంబర్‌లో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు హైదరాబాద్ శివార్లలో, వికారాబాద్ వైపు ఒక రిసార్టులో అయినవాళ్ల మధ్య పెళ్లి లాంటి వేడుక చేసుకున్నారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పేసి మూడేళ్లు దాటింది. మా క్యాంటీన్‌లో ఆ పేపరు బల్ల మీద తిరిగింది, దాని వెంట జోకులూ తిరిగాయి. లైనస్ బేకర్ కోసం కళ్లు తుడుచుకున్న నేను కూడా నవ్వాను. ఒకటి రెండు జోకులు కలిపాను కూడా, నా మీద అనుమానం రావొద్దని. అనుమానం దేనికి? పుస్తకం చదివినందుకు! తర్వాత సుప్రియో పేరు మీదనే పెళ్లి హక్కు కేసు నడిచి, 2023 అక్టోబర్ 17న కోర్టు అలాంటి హక్కు ఇవ్వలేమంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరూ చదవలేదు. నేనొక్కణ్ణే బస్సులో ఆ వార్త కింది దాకా చదివాను.

అప్పుడే గుర్తొచ్చాడు నా దోస్తు. తొంభైల్లో బీహెచ్ఈఎల్ పక్కన అశోక్‌నగర్‌లో ఇద్దరం ఒక రూంలో ఉండేవాళ్లం. వాడు క్వాలిటీలో, నేను ప్రొడక్షన్‌లో. నా పెళ్లయ్యాక వాడికీ చెయ్యాలని పట్టుబట్టాను. పెళ్లిచూపులకు ఆటో మాట్లాడి నేనే లాక్కుపోయాను. తిరిగొస్తుంటే "నాకీ లెక్క కుదరదురా" అన్నాడు. జీతం లెక్క అనుకుని పీఎఫ్ గురించి, ఇంక్రిమెంట్ గురించి లింగంపల్లి దాకా ఉపన్యాసం ఇచ్చాను. వాడు కిటికీ లేని ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏడాది తిరగకముందే అంకలేశ్వర్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. నా మాట కాదన్నాడని చాలా ఏళ్లు నేనే మాట్లాడలేదు.

ఇప్పుడు అన్నీ తెలిసినట్టు అనిపిస్తుంది. ఆ "లెక్క" ఏమిటో, ఆ మౌనం ఏమిటో. కానీ ఇలాగే కదా ఒడిశా పిల్లవాడి విషయంలోనూ అనిపించింది! నా దోస్తుకు అప్పులుండేవేమో. ఇంట్లో పెళ్లికాని చెల్లెళ్లుండేవాళ్లు, అది నాకూ తెలుసు. అసలు ఒంటరిగా ఉండటమే ఇష్టమేమో. నా బుర్ర నిండా భూతాలు, దేవుళ్లు, ఎర్రబట్టలు. దాంతో ఏ మనిషిని చూసినా ముందే ఆఖరి పేజీ రాసేస్తున్నాను. వాణ్ణి అడిగింది మాత్రం ఎన్నడూ లేదు. అప్పుడు అడగలేదు, ఆ తర్వాత ఫోన్లు కలిశాక కూడా అడగలేదు.

చివరికి 'సెరూలియన్ సీ' కొరియర్ చేశాను. ఏమీ రాయకుండా. రాయడానికి కూర్చుంటే పీఎఫ్ ఉపన్యాసం లాంటిదే ఇంకోటి తయారవుతోంది. పంపాక భయమేసి, ముందుగానే ఫోన్ చేసి నా బాగోతం మొత్తం చెప్పుకున్నాను: మేడ, దగ్గు, డ్యూటీ చార్టు, స్కూపు, డీవియేషన్ రిపోర్టు. వాడు దగ్గొచ్చేదాకా నవ్వాడు. క్యాంటీన్ సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "ఊఁ" అన్నాడు.

నెల తర్వాత వాడే చేశాడు. పుస్తకం ఎలా ఉందని అడిగాను. ముప్పై ఏళ్లు క్వాలిటీలో పనిచేసినవాడు కదా, ముందు కాగితాలే పట్టుకున్నాడు. "ఆ ఇన్‌స్పెక్టరు పంపే రిపోర్టులు చూసినవా? మొదట్ల రూల్ బుక్కు చూసి రాస్తడు. పోను పోను కళ్లతోటి చూసింది రాస్తడు. అదే నువ్వైతే కమ్యూనికేషన్ గ్యాప్ అని కొట్టి క్లోజ్ చేస్తుంటివి."

దానికి జవాబు లేక, కథకు రెండో భాగం కూడా ఉందని, 2024లో వచ్చిందని చెప్పాను. పంపమన్నాడు. కొరియర్ ఖర్చు తానే పెట్టుకుంటాడట. పెళ్లిచూపుల నాటి ఆటో చార్జీ నాకింకా బాకీ ఉన్నాడట.