గుండెలకు ఒక సర్క్యులర్

భిలాయిలోని గుండెలన్నింటికీ మనవి. ఆగిపోవాలని గట్టిగా అనుకుంటే దయచేసి స్టీల్ ప్లాంటు గేటు లోపల, డ్యూటీలో, హెల్మెట్ నెత్తిన ఉండగా ఆగండి. అక్కడ అడుగడుగునా 'సురక్షా ప్రథమ్' బోర్డులుంటాయి. సేఫ్టీ బూట్లు లేనిదే లోపలికి రానివ్వరు. ఏటా మార్చి 4న చెయ్యి చాపించి ప్రతిజ్ఞ కూడా చేయిస్తారు. షిఫ్టు దిగి, ఇంటికెళ్లి టీ తాగి, నిక్కరు తొడుక్కుని సెక్టారు షటిల్ కోర్టుకొచ్చాక మాత్రం ఆ పని పెట్టుకోకండి. అక్కడ మీకోసం ఉన్నదల్లా గోడకు ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా. అందులో సగం పిండేసిన బర్నాల్ ట్యూబు, సాగే గుణం పోయిన క్రేప్ బ్యాండేజీ, ఎవరిదో చెవిలో వేసుకునే చుక్కలమందు, కిందటి దసరా చందా రసీదు పుస్తకం ఉన్నాయి.

ఆగిన గుండెకు షాకిచ్చే ఏఈడీ అనే యంత్రం సంగతి ఎత్తితే చాలు, "సెక్టార్-9 ఆసుపత్రి ఉందిగా, ఇంకెందుకండీ?" అంటారు. ఉంది, పెద్దదే. కానీ హఠాత్తుగా ఆగిన గుండెకు షాక్ అందడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంటుంది. ఎవరైనా ఛాతీ నొక్కుతూ ఉంటే కాస్త నెమ్మదిగా తగ్గుతుంది. మనవాళ్లు మొదటి నిమిషం "ఏమైంది? ఏమైంది?"కి, రెండోది మొహాన నీళ్లు చల్లడానికి, మూడోది ఉల్లిపాయ వాసన చూపించమనే పెద్దాయనకి కేటాయిస్తారు. ఆ తర్వాత కారెవరిదో తేలాలి. కారు తేలాక తాళాలు తేలాలి.

మనవాళ్లకి గుండెపోటుకీ గుండె ఆగడానికీ తేడా చెప్పడం కూడా కష్టమే. మొదటిది పైపు పూడుకుపోవడం, రెండోది కరెంటు పోవడం. మొదటిది రెండోదానికి దారితీయొచ్చు. మన భిలాయి ఆఫ్‌స్పిన్నర్ రాజేశ్ చౌహాన్‌కు 2014లో ఈ ఊళ్లోనే గుండెపోటు వచ్చింది, ఆసుపత్రికి చేరి బయటపడ్డాడు. ఆయన ఆడిన 21 టెస్టుల్లో భారత్ ఒక్కటీ ఓడలేదు. అలాంటి అదృష్టవంతుడి గుండె కాబట్టి ఆసుపత్రి దాకా ఆగింది. టెస్టులాడని గుండెలు అంత ఓపిక పడతాయన్న హామీ లేదు.

ఆ యంత్రం మాటకొస్తే, దాని తెలివి మన కమిటీల్లో చాలామందికి లేదు. మూత తెరిస్తే తనే మాట్లాడుతుంది. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కిందుగా అంటించమంటుంది. గుండె లయ చూసి, షాక్ అవసరమైతేనే ఇస్తుంది, అక్కర్లేకపోతే మనం బతిమాలినా ఇవ్వదు. ఆ పైన ఛాతీ నొక్కమంటుంది: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున. లక్ష, లక్షన్నరకు దొరుకుతుంది. రైళ్లు పరిగెత్తడానికి 260 మీటర్ల పట్టాలు తయారుచేసి పంపే ఊరికి ఆ ధర విని కళ్లు తిరగడం విచిత్రమే.

2002 నవంబరులో జపాన్ రాజకుమారుడు తకమాడో టోక్యోలోని కెనడా ఎంబసీలో స్క్వాష్ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. ఆయనకి 47 ఏళ్లు. 2004 జులై నుంచి ఆ దేశంలో మామూలు మనుషులు కూడా ఈ యంత్రం వాడొచ్చన్నారు. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం 2022లో ఏకంగా చట్టమే చేసింది, ఆటల కేంద్రాలూ అందులోకి వచ్చాయి. మనకి యువరాజులు లేరు కదా, చట్టమెలా వస్తుంది?

అన్యాయంగా మాట్లాడకూడదు, మనకూ ఒక చట్టముంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, ప్రమాదంలో పడ్డవాణ్ని మంచి మనసుతో ఆదుకున్నవాడికి రక్షణ కల్పించారు. అంటే జీఈ రోడ్డు మీద బండి గుద్ది పడినవాణ్ని లేపితే మీకు భయం లేదు. అదే రోడ్డు పక్కన గ్రౌండులో తనంతట తాను పడినవాడు మోటారు వాహనాల చట్టం కిందికి రాడు. పడదలచుకున్నవారు స్థలం చూసుకుని పడగలరు.

అనుమతుల విషయంలో మనమే ఘనులమనుకోవడమూ తప్పే. 2024 జూన్ 30న ఇండోనేషియాలోని యోగ్యకార్తాలో, ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ పోటీల్లో, చైనా కుర్రాడు జాంగ్ జిజియే కోర్టులోనే పడిపోయాడు. పదిహేడేళ్లవాడు. అప్పటి రూలు ప్రకారం రెఫరీ పిలిస్తే తప్ప వైద్యులు కోర్టులో కాలు పెట్టకూడదట! వాడు నేల మీద కొట్టుకుంటుంటే రూలు నిలబడి చూసింది. మరుసటేడు, 2025 జులైలో హైదరాబాద్ నాగోల్‌లో షటిల్ ఆడుతూ పాతికేళ్లవాడు పడిపోయి చనిపోతే, ఆ దృశ్యం ఖుర్సీపార్ గల్లీల దాకా ప్రతి ఫోనులోనూ తిరిగింది. గమనించారా, కోర్టులో కెమెరా కొనడానికి ఎవరూ మూడు కొటేషన్లు అడగరు.

మొన్న మా షటిల్ కమిటీ ఈ విషయం మీద కూర్చుంది. సమోసాలొచ్చాక చర్చ వేడెక్కింది.

"గోడకి పెడితే రాత్రికి రాత్రి ఎత్తుకుపోతారు. తాళం వెయ్యాల," అన్నారు సెక్రటరీగారు.

"తాళంచెవి?"

"చౌకీదారు దగ్గర."

"ఆడు ఆరింటికెళిపోతాడు గదండీ. మనం దిగేదే ఆరున్నరకి."

"అయితే ట్రెజరర్‌గారి దగ్గర."

ట్రెజరర్‌గారు మూడు నెలలుగా బెంగుళూరులో కూతురింట్లో ఉన్నారని ఎవరో గుర్తుచేశారు.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. "షాక్ కొట్టి మనిషి పోతే బాధ్యతెవరిది?"

వెనక బెంచీ నుంచి ఒక శ్రీకాకుళం పెద్దాయన, కోక్ ఓవెన్స్‌లో రిటైరైన మనిషి, సమోసా కింద పెట్టి అడిగారు: "అప్పటికే పోయినోణ్ణి మళ్లీ ఎలాగ సంపుతారు బాబూ?"

ఈ అభిప్రాయాన్ని మినిట్స్‌లో రాయనక్కర్లేదని అధ్యక్షులవారు రూలింగిచ్చారు. యంత్రం మీద సబ్‌కమిటీ వేశారు. నివేదిక వచ్చేదాకా నలభై దాటినవారెవరూ స్మాష్ కొట్టరాదని తీర్మానించారు. నాగోల్ కుర్రాడి వయసు ఎవరికీ గుర్తు రాలేదు. తాళానికి మాత్రం అక్కడికక్కడే నూట ఎనభై రూపాయలు మంజూరయ్యాయి.